చెప్పులు ఆయనవి, నడక ఎవరిది?

1996లో తెనాలిలో నేను కంప్యూటర్ నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో ఒక కట్టుబాటు ఉండేది. చెప్పులు గుమ్మం బయటే విప్పాలి. లోపల ఏసీ, నాలుగు కంప్యూటర్లు, వాటికి దుమ్ము పడకుండా కప్పిన తెల్లగుడ్డలు. గుళ్లోకి వెళ్లినంత భయభక్తులతో వెళ్లేవాళ్లం. డాస్, వర్డ్‌స్టార్, డీబేస్ పాఠాలయ్యి సారు టీకి బయల్దేరగానే ఎవడో ఒకడు సీ ప్రాంప్ట్ దగ్గర ‘ప్రిన్స్’ అని కొట్టేవాడు. దాని పక్కనే ‘మెగాహిట్’ అని కూడా కొడితే చీట్ పనిచేసేది. షిఫ్టూ ఎల్లూ కలిపి నొక్కితే ఒక లెవెల్ గెంతేయొచ్చు. ‘ప్రిన్స్ మెగాహిట్’ అంటే ఇప్పటి పిల్లలు మహేశ్ బాబు సినిమా పోస్టర్ అనుకుంటారేమో గానీ, మాకది బీజాక్షరం.

ఆట పేరు ప్రిన్స్ ఆఫ్ పర్షియా. తెల్ల పైజమా తొడుక్కున్న కుర్రాణ్ని నేలమాళిగలో పడేస్తారు. అరవై నిమిషాల్లో అతను బయటపడి, వజీరు జాఫర్‌ని జయించి, రాకుమారిని కాపాడాలి. కథలో కొత్తేం లేదు. మమ్మల్ని కట్టిపడేసింది ఆ కుర్రాడి నడక. అప్పటిదాకా చూసిన ఆటల్లో బొమ్మలు కదిలేవి, ఆగేవి, అంతే. ఇతను పరిగెత్తుతున్నప్పుడు మీట వదిలితే టక్కున ఆగడు. ఒకటి రెండడుగులు ముందుకు తూలి నిలదొక్కుకుంటాడు. షిఫ్ట్ నొక్కిపెడితే గోడ అంచుని వేళ్లతో పట్టుకుని వేలాడతాడు. చెయ్యి జారి మూడంతస్తుల కిందికి పడితే ప్రాణం పోయినట్టే. అతను పడ్డప్పుడల్లా మా కడుపులో దేవినట్టయ్యేది. తెరమీది బొమ్మకి బరువుందని మొదటిసారి అప్పుడే తెలిసింది.

ఆ నడక ఎవరిదో చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆట చేసిన జోర్డన్ మెక్నర్ న్యూయార్క్ వాడు. యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతూనే 1984లో ‘కరాటెకా’ అనే ఆటతో పేరు తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది కొత్త ఆట కోసం తమ్ముడు డేవిడ్‌కి తెల్లబట్టలు వేసి, ఒక పార్కింగ్ స్థలంలో పరుగెత్తించి, దూకించి వీడియో తీశాడు. ఆ టేపుని టీవీలో ఒక్కో కదలిక దగ్గర ఆపి, ఆ తెరని మామూలు కెమెరాతో ఫొటో తీశాడు. ప్రింట్ల మీద నల్ల మార్కరుతోనూ తెల్ల దిద్దుడు రంగుతోనూ మనిషి ఆకారం స్పష్టంగా తేలేలా దిద్ది, జిరాక్స్ తీసి, అప్పుడు కంప్యూటర్‌కి ఎక్కించాడు. కత్తియుద్ధం కోసం 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమా పెట్టుకుని, ఎరాల్ ఫ్లిన్, బేసిల్ రాత్‌బోన్ పక్కవాటుగా కనిపించే కొన్ని సెకన్లు ఏరుకున్నాడు. సంగీతం కట్టింది వాళ్ల నాన్న. ఆయన వృత్తి మనస్తత్వశాస్త్రం.

ఆ రోజుల్లో ఆటను ఒక్కడే కూర్చుని చేసేవాడంటారు. నిజమే, ప్రోగ్రామ్ దాదాపు అంతా మెక్నర్ ఒక్కడే రాసుకున్నాడు. అయినా తమ్ముడి కాళ్లూ, నాన్న స్వరాలూ, ఎరాల్ ఫ్లిన్ మణికట్టూ అందులో చేరాయి. ఇంకో ముచ్చట. ఆ ఆట 1989లో వచ్చింది యాపిల్ టూ అనే యంత్రం మీద. మేం తెనాలిలో ఆడింది డాస్ మీద ఆడే కూర్పు. అది మరుసటి ఏడాది వేరే ప్రోగ్రామర్లు తిరగరాసినది. అంటే మా మొట్టమొదటి రాకుమారుడే పరాయి చేతుల మీదుగా వచ్చాడన్న మాట. అసలుదే చూస్తున్నామనుకుని మురిసిపోయాం.

1993లో రెండో భాగం వచ్చింది. కథా రూపకల్పనా మెక్నర్‌వే, ప్రోగ్రామింగ్ మాత్రం ప్రచురణ సంస్థ బ్రోడర్‌బండ్ మనుషులది. చివర్లో ఒక మంత్రగత్తె గోళంలోంచి రాకుమారుణ్ని కనిపెడుతూ ఉంటుంది. మిగతాది తరువాయి భాగంలో అన్నట్టు. ఆ తరువాయి రానేలేదు. మెక్నర్ రైల్లో నడిచే ‘ది లాస్ట్ ఎక్స్‌ప్రెస్’ అనే కొత్త ఆట మీదికి వెళ్లిపోయాడు. 1999లో ఇంకో బృందం ఈ రాకుమారుణ్ని త్రీడీలోకి తెచ్చింది. పేరుంది, తెల్లబట్టలున్నాయి, కత్తి ఉంది, ఉచ్చులున్నాయి. అడుగు మాత్రం మొద్దుబారిపోయింది. జనం పెదవి విరిచారు.

ఇక్కడితో అయిపోయుంటే ఈ వారం నేను రాయడానికేం ఉండేది కాదు. యూబీసాఫ్ట్ వాళ్ల మాంట్రియల్ స్టూడియో ఆ పాత పేరు మీద మనసు పడింది. హక్కు మెక్నర్ దగ్గరే ఉంది. వాళ్లు తయారుచేసి చూపించిన కదలికల నమూనాలు చూసి ఆయన సరేనన్నాడు, తర్వాత కథా సంభాషణలూ తనే రాశాడు. ఆట పగ్గాలు పట్టింది మాత్రం పాట్రీస్ దేజిలే అనే యువకుడు. 2003లో వచ్చిన ఆ ఆట ‘సాండ్స్ ఆఫ్ టైమ్’.

వాళ్లు ఏం వదిలేశారో చూడండి. పక్కనుంచి చూసే దృశ్యం వదిలేశారు. నేలమాళిగ వదిలేశారు. జాఫర్‌ని వదిలేశారు. అరవై నిమిషాల గడువునీ వదిలేశారు. ఏం పట్టుకున్నారు? మొదటిది, ఒంటి బరువు. ఈ రాకుమారుడు గోడ మీద నాలుగడుగులు పరిగెత్తినా, స్తంభం మీంచి స్తంభానికి దూకినా, ‘పడతాడేమో’ అన్న ఆ పాత గుబులు మనల్ని వదలదు. రెండోది, కాలం. పాత ఆటలో కాలం తరిమే శత్రువు. కొత్త ఆటలో అది చేతిలో కత్తి. పడిపోయాక ఒక మీట నొక్కితే రాకుమారుడు కిందనుంచి పైకి, గోడ అంచు దాకా, వెనక్కి తేలుతూ వచ్చేస్తాడు. ఆట మొత్తం అతను చెబుతున్న కథలా సాగుతుంది. మనం ఆడలేక చనిపోతే, అబ్బే, జరిగింది అలా కాదంటూ తన మాట తనే దిద్దుకుంటాడు. మరణాన్ని కూడా కథకుడి తడబాటుగా మార్చేశారు. పాత ఇంట్లో ఇటుక ఇటుకా తీసేసి, పునాదిని మాత్రం ముట్టుకోకుండా మళ్లీ కట్టడమంటే ఇదే.

2004లో ‘వారియర్ వితిన్’ వచ్చేసరికి మెక్నర్ లేడు. రాకుమారుడికి కోపం వచ్చింది, హెవీ మెటల్ సంగీతం వచ్చింది, నెత్తురు చిందింది. ఆ కళాదృష్టి గానీ, హింస గానీ తనకు నచ్చలేదని మెక్నర్ 2005లో వైర్డ్ పత్రికకి దాపరికం లేకుండా చెప్పాడు. ఆ ఆటంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పోరాటాలు దాంట్లోనే బాగుంటాయని వాదిస్తారు కూడా. కన్నవాడికి నచ్చకపోతే చెడ్డదైపోదు, నచ్చితే మంచిదైపోదు. అత్తారింటికి పంపిన పిల్ల కూరలో ఉప్పెంత వేస్తోందో పుట్టింటివాళ్లు ఎన్నాళ్లని రుచి చూస్తారు?

దేజిలే కథ ఇంకా చిత్రం. రాకుమారుడి తర్వాతి ఆట ఆలోచిస్తూ, రాకుమారుణ్ని కాపాడే హంతకుడి మీదికి ఆయన మనసు పోయింది. రాకుమారుడు పక్కకి తప్పుకున్నాడు, హంతకుడు మిగిలాడు. అదే 2007లో ‘అసాసిన్స్ క్రీడ్’. మూడేళ్లకి దేజిలే యూబీసాఫ్ట్‌ని వదిలేశాడు. ఆ సిరీస్ మాత్రం ఆగలేదు, ఆయన లేకుండానే ఏళ్ల తరబడి చేతులు మారుతూ సాగుతూనే ఉంది. ఒకరి బిడ్డని పెంచినవాడు తన బిడ్డని పెంపకానికిచ్చి రావాల్సి వచ్చింది.

2020లో ఈ కథ మన దేశానికీ వచ్చింది. ‘సాండ్స్ ఆఫ్ టైమ్’ని కొత్తగా మళ్లీ చేసే పని పుణె, ముంబయి స్టూడియోలకి అప్పగించారు. ట్రైలర్ చూసి బొమ్మలు పాతకాలం నాటివిలా ఉన్నాయని ప్రపంచమంతా ఎద్దేవా చేసింది. 2021 జనవరిలో రావాల్సింది వాయిదా పడింది. 2022లో పనిని తిరిగి మాంట్రియల్‌కి తీసుకుపోయారు. 2026 జనవరిలో మొత్తానికే రద్దు చేశారు. పుణె, ముంబయి స్టూడియోల్లోని ఆ పిల్లల మీద వేసిన జోకులు చదువుతుంటే నాకు చివుక్కుమనేది. వాళ్లకిచ్చింది అన్నిటికంటే కష్టమైన పని. ఏదీ మార్చకూడదు, అలాగని ఉన్నదున్నట్టు ఉంచకూడదు. 2003లో దేజిలేకి దొరికిన ఇటుకలు తీసే స్వేచ్ఛ వాళ్లకి దొరకలేదు. చివరికి చూస్తే మాంట్రియల్ చేతుల్లోనూ అది పూర్తి కాలేదు.

ఈ బాధ నాకు కొంచెం తెలుసు. ఈ కాలమ్ నేను మొదలుపెట్టింది కాదు. నాకంటే ముందు ఒక మాస్టారు రాసేవారు. ఆయన కళ్లు సహకరించక మానేస్తే, శీర్షిక మార్చకుండా నన్ను కొనసాగించమన్నారు. మాస్టారు ప్రతివారం ఒక సామెతతో ముగించేవారు. నేనూ మొదటి ఆరు నెలలూ సామెతల పుస్తకం పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మధ్యలో ‘అదలా ఉంచండి’ అనేవారు. నేనూ అన్నీ అలా ఉంచుతూ పోయాను. ఒక ఆదివారం పొద్దున ఆయనే ఫోన్ చేశారు.

“ఏమోయ్, నా చెప్పుల్లో కాళ్లు పెట్టావు, బాగానే ఉంది. నా కుంటినడక కూడా నీకెందుకయ్యా?”

“అది మీ శైలి కదా, మాస్టారూ...”

“శైలా, పాడా! వెయ్యి మాటలు నిండకపోతే సామెతతో నింపేవాణ్ని. నాది మోకాళ్ల నొప్పి. నీకేం రోగం?”

ఆయన బలహీనత అనుకున్నదాన్ని నేను బాణీ అనుకున్నాను. వారసులు ఎక్కువగా చేసే తప్పు ఇదేననుకుంటాను. కళ్లకి కొట్టొచ్చినట్టు కనిపించేది ముందు అందుకుంటాం. తెల్ల పైజమా, సామెత. మాస్టారి రాతలో నిజంగా నిలిచేది వేరు. ఏ మనిషి గురించి రాసినా ఆ మనిషి ఎదుటే ఉండి వింటున్నట్టు రాసేవారు. అది గుర్తుపట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. పట్టుబడిందో లేదో మీరే చెప్పాలి.

మన దగ్గర మరొకరి రాతని కొనసాగించే ఈ విద్యకి పెద్ద గురువు ఎర్రన. మహాభారతాన్ని తెనిగిస్తూ నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. మధ్యలో మిగిలిన ఖాళీ పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన చేతికొచ్చింది. అటు ఒక కొండ, ఇటు ఒక కొండ. ఆయన పద్యాలు నన్నయ బాణీలో మొదలై, పోనుపోనూ తిక్కన బాణీలోకి ఒదిగిపోతాయని పెద్దలంటారు. అంకితం కూడా తన కాలపు రాజుకివ్వలేదు. రెండున్నర శతాబ్దాలకి పైగా ముందే పోయిన రాజరాజనరేంద్రుడికే ఇచ్చాడు, నన్నయే రాసినట్టుగా. అడుగు ఎక్కడ మారిందో అంత తేలిగ్గా దొరకదు.

రాకుమారుడు ఇప్పుడూ చేతులు మారుతూనే ఉన్నాడు. 2024లో ఫ్రాన్స్‌లోని మాంపెలియే బృందం చేసిన ‘ది లాస్ట్ క్రౌన్’లో కథానాయకుడు రాకుమారుడే కాదు, అతన్ని వెతుక్కుంటూ వెళ్లే సర్గాన్ అనే యోధుడు. మళ్లీ పక్కనుంచి చూసే ఆట. కావాలంటే పాత్రలు పారసీలో మాట్లాడతాయి. ఆట మంచి పేరు తెచ్చుకున్నా, ఆ బృందాన్ని అదే ఏడాది తలో పనికి పంపేశారు. మా అబ్బాయి ఆడుతుంటే వెనక నిలబడి చూశాను. గోడ అంచు దగ్గరకొచ్చేసరికి నా ఎడమచేతి చిటికెనవేలు దానంతటదే షిఫ్ట్ కోసం తడుముకుంది. వాడి చేతిలో ఉన్న కంట్రోలర్‌కి షిఫ్టే లేదు.

తెనాలి సంగతి ఒకటి మిగిలింది. ఒక సాయంత్రం ఆట మత్తులో ఆలస్యంగా బయటికొచ్చేసరికి నా చెప్పులు ఎవరో వేసుకుపోయారు. గుమ్మం దగ్గర ఒక్క జతే ఉంది, తోలువి, నా కొలతకి దగ్గరవే. వేసుకుని ఇంటికెళ్లాను. లోపల ఎవరిదో బొటనవేలి గుంట. నా వేలికంటే కాస్త ఎడంగా. నాలుగైదు రోజులు అడుగడుగునా తగిలింది. తర్వాత ఎప్పుడో తగలడం మానేసింది. ఆరునెలలకి పట్టీ తెగి కుట్టించడానికి ఇచ్చినప్పుడు చూస్తే, పాత గుంట అంచునే నా వేలి గుంట పడి ఉంది. ఏది ఎక్కడ ఆగి ఏది మొదలైందో తెలియలేదు.