బూడిదరంగు పిల్లల లెక్క

పక్షుల్ని లెక్కపెట్టడం కూడా ఒక విద్యేనా అనుకునేవాణ్ణి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద ఒక జనవరి పొద్దున నిలబడ్డాక ఆ పొగరు దిగిపోయింది.

రోడ్డుకి రెండు పక్కలా పులికాట్. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే సరస్సుల్లో చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్దది. పెద్దదన్న మాటే గానీ లోతు తక్కువ. రాజహంసలకి కావలసిందీ అదే. పొడుగాటి కాళ్ల మీద నిలబడి బురదను తొక్కి కదిలిస్తాయి. తలను తిరగేసి నీళ్లలో ముంచుతాయి. నాలుక ఆడిస్తూ నీళ్లు పీల్చి బయటికి నెడితే, ముక్కు అంచు జల్లెడలో చిన్న రొయ్యలూ పురుగులూ మిగులుతాయి. మా అమ్మ బియ్యం గాలించడం గుర్తొచ్చింది. ఆ రొయ్యల్లోని, నాచులోని రంగే ఈకలకి పడుతుంది. తమిళులు వీటిని పూనారై అంటారు. పూలకొంగ అన్నమాట. హంసతో చుట్టరికం లేని పక్షికి మనం తగిలించిన పేరుకన్నా నాకదే నచ్చుతుంది.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. నన్ను వెంటబెట్టుకెళ్లిన మాస్టారు అందులో పాతకాపు. "ఒక్కొక్కటే లెక్కపెడితే సాయంత్రానికీ తెమలదబ్బాయ్. ముందు పది లెక్కపెట్టు. ఆ పదీ ఎంత జాగా పట్టాయో కళ్లలో పెట్టుకో. ఆ కొలతతో గుంపంతా కొలిచెయ్" అన్నారు. చేను కొలిచినట్టే. కానీ గుంపు మధ్యలో చిక్కన, అంచుల్లో పలచన. తలలేమో నీళ్లలో. కాళ్లు చూద్దామంటే కొన్ని ఒంటికాలి మీదే. ఎండెక్కితే రెండు పక్షులు ఒకటైపోయి కనబడతాయి. ఇంతలో ఓ లారీ హారన్ కొట్టింది. గుంపంతా లేచింది. రెక్కల ఎరుపూ నలుపూ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. నోరు తెరుచుకు చూస్తూ అంకె మర్చిపోయాను.

అవి మళ్లీ దిగాక మొదటినుంచి లెక్క. మా ఇద్దరికీ వందల్లో తేడా వచ్చింది, నాదే తక్కువ. మాస్టారు ఏమీ అనకుండా బైనాక్యులర్స్ నా చేతికిచ్చి గుంపు ఎడమ అంచు చూపించారు. బురదలో బురదలా కలిసిపోయి బూడిదరంగు పక్షులు. పిల్లలు! వాటికి గులాబీరంగు రావడానికి రెండు మూడేళ్లు పడుతుందట. అందాకా నేను రంగునే లెక్కపెడుతూ ఉన్నానన్నమాట.

నోటుబుక్కులో అంకె కొట్టేశాను. దూరంగా ఇంకో లారీ వస్తోంది.