నిజంగా జరిగిందన్న మాట: యథార్థ నేరగాథల ఆకర్షణ

గత పాఠంలో అపరాధ పరిశోధక నవలను గురించి తెలుసుకున్నారు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివే పాఠకుడికి హత్య అనేది ఒక చిక్కుముడి. శవం కనిపించడంతో ముడి పడుతుంది, హంతకుడు దొరకడంతో విడిపోతుంది. చనిపోయిన మనిషి కోసం పాఠకుడు కన్నీరు పెట్టడు. పెట్టాలని రచయిత కూడా కోరుకోడు. అటువంటి మనిషి లోకంలో ఎక్కడా లేడని ఇద్దరికీ తెలుసు. ఈ పాఠంలో పరిశీలించబోయే ప్రక్రియ ఆ నవలకు దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది గాని, ఈ ఒక్క విషయంలో పూర్తిగా వేరు. ఇక్కడ చనిపోయినవారు నిజంగా చనిపోయారు. జరిగిన నేరాన్ని కథలా చెప్పే ఇటువంటి రచనలను ట్రూ క్రైమ్ అంటున్నారు. మనం యథార్థ నేరగాథలు అందాం.

దినపత్రిక జిల్లా పేజీలో 'దారుణం' అనో, 'వీడిన మిస్టరీ' అనో శీర్షిక కనిపిస్తే బడ్జెట్ వార్తను వదిలి ముందు దాన్ని చదవనివారు అరుదు. చదివాక "ఛీ, ఏం మనుషులో" అని పత్రిక పక్కన పడేస్తాం. మర్నాడు ఆ వార్త తరువాయి కోసం వెతుకుతాం. అసహ్యించుకునేదీ, వెతికేదీ ఒక్క మనిషే. ఈ వైరుధ్యం కొత్తదేమీ కాదు. ప్లేటో 'రిపబ్లిక్' నాలుగో భాగంలో లియాంటియస్ అనే వ్యక్తి ప్రస్తావన ఉంది. తలారి దగ్గర పడి ఉన్న శవాలను చూడాలని అతనికి కోరిక. చూడకూడదని మనసు వెనక్కి లాగుతుంది. కాసేపు ముఖం కప్పుకొని పెనుగులాడి, చివరికి ఓడిపోయి, కళ్లు పెద్దవి చేసుకొని పరుగున వెళ్లి, తన కళ్లను తానే తిట్టుకుంటూ చూస్తాడు.

కాబట్టి నేరం మనల్ని ఎందుకు ఆకర్షిస్తుంది అన్న ప్రశ్నకు 'మనిషిలో క్రూరత్వం ఉంది కనుక' అని ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకుంటే సరిపోదు. క్రూరత్వమే కారణమైతే లియాంటియస్ ముఖం కప్పుకోవలసిన పనే లేదు.

రససిద్ధాంతం ఎంతవరకు తోడ్పడుతుంది?

భయానక, బీభత్స రసాలను మన అలంకారికులు రసాలలో చేర్చారని అలంకారశాస్త్ర పరిచయంలో చదివారు. భయం, జుగుప్స లోకంలో బాధ కలిగించేవి. అవి కావ్యంలో ఆనందం ఎలా కలిగిస్తాయి? భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణం ఇక్కడ గుర్తుకు తెచ్చుకోండి. అభినవగుప్తుడు దీనిని వివరిస్తూ శాకుంతలం మొదటి అంకంలోని లేడిని ఉదాహరణగా తీసుకున్నాడు. రాజు బాణానికి వెరచి మెడ వెనక్కి తిప్పి చూస్తూ పరుగెత్తే ఆ లేడి భయం ఫలానా చోటిదీ ఫలానా కాలానిదీ కాదు. అది నాదీ కాదు, పక్కవాడిదీ కాదు. అందుకే దానిని పారిపోకుండా, జోక్యం చేసుకోకుండా ఆస్వాదించగలుగుతాం.

యుగంధర్ నవలకు ఈ వివరణ చక్కగా సరిపోతుంది. యథార్థ నేరగాథ దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది సగంలో ఆగిపోతుంది. ఇక్కడ లేడికి పేరుంది. ఊరుంది. చనిపోయిన తేదీ ఉంది. పాఠకుడు కథలో లీనమైన ప్రతిసారీ 'ఇది నిజంగా జరిగింది' అన్న మాట వచ్చి భుజం తడుతుంది. ఆ మాటకు ఉలిక్కిపడి పుస్తకం మూయబోతాడు, కథనం మళ్లీ లోపలికి లాగుతుంది. ఈ ప్రక్రియ ఆకర్షణ ఈ ఊగిసలాటలోనే ఉందని ఈ పాఠం వాదన. ఆ ఊగిసలాటను ఎవరు, ఎలా నడుపుతున్నారో ఒక ప్రసిద్ధ గ్రంథంలో చూద్దాం.

'ఇన్ కోల్డ్ బ్లడ్'

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు పశ్చిమ భాగంలో, గోధుమ పొలాల మధ్య హోల్కంబ్ అనే చిన్న ఊరుంది. 1959 నవంబరు 15 తెల్లవారుజామున అక్కడి రైతు హెర్బర్ట్ క్లట్టర్, ఆయన భార్య బానీ, 16 ఏళ్ల కూతురు నాన్సీ, 15 ఏళ్ల కొడుకు కెన్యన్ తమ ఇంట్లోనే హత్యకు గురయ్యారు. ఆ వార్తను న్యూయార్క్ టైమ్స్‌లో చదివిన రచయిత ట్రూమన్ కపోటి హోల్కంబ్‌కు ప్రయాణం కట్టాడు. వెంట చిన్ననాటి స్నేహితురాలు హార్పర్ లీ కూడా వెళ్లింది. ఆమె నవల 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' మరుసటి ఏడాది వెలువడింది. కపోటి రచన 1965లో న్యూయార్కర్ పత్రికలో ధారావాహికగా, 1966లో పుస్తకంగా వచ్చింది. దీనిని ఆయన 'నాన్‌ఫిక్షన్ నవల' అన్నాడు.

పుస్తకం నాలుగు భాగాలు. మొదటి భాగంలో చాలామేరకు హత్యకు ముందు రోజు. ఒకవైపు క్లట్టర్ కుటుంబం: నాన్సీ పొరుగింటి పిల్లకు చెర్రీ పై చేయడం నేర్పుతుంది. కెన్యన్ అక్క పెళ్లికి ఇవ్వాలని తాను చేసిన చెక్కపెట్టెకు వార్నిష్ వేస్తాడు. తండ్రి ఆ సాయంత్రమే జీవిత బీమా పత్రంపై సంతకం పెడతాడు. మరోవైపు పెర్రీ స్మిత్, రిచర్డ్ హికాక్ అనే ఇద్దరు మాజీ ఖైదీలు నల్ల షెవర్లే కారులో వందల మైళ్లు దాటి వస్తుంటారు. ఒక పేరా ఇక్కడ, ఒక పేరా అక్కడ. కారు దగ్గరపడుతూ ఉంటుంది. ఏం జరగబోతోందో పాఠకుడికి తెలుసు, ఆ ఇంట్లోవారికి తెలియదు. బీమా సంతకం దగ్గర మన గుండె ఝల్లుమనేది అందుకే. కల్పిత నవలలో ఇదే సంఘటన ఉంటే 'రచయిత బాగా అమర్చాడు' అనుకొని ఊరుకునేవాళ్లం.

ఆ తరువాత కపోటి చేసిన పని మరింత గమనించదగ్గది. కారు ఇంటి ముందుకు వస్తుంది. తెల్లవారుతుంది. శవాలు కనబడతాయి. మధ్యలో ఏం జరిగిందో చెప్పడు. ఎవరు చంపారో మనకు ముందే తెలుసు కాబట్టి ఇది డిటెక్టివ్ నవల ప్రశ్న కాదు. దాచిపెట్టింది ఆ రాత్రిని. దొంగలు 1959 డిసెంబరు 30న లాస్ వేగాస్‌లో పట్టుబడి, పెర్రీ నోరు విప్పేది మూడో భాగంలో. అంతవరకూ, అంటే సగానికి పైగా పుస్తకం, పాఠకుడు ఒక కుటుంబం చనిపోయిన తీరును తెలుసుకోవాలని ఆత్రంగా ఎదురుచూస్తాడు. మొదటిసారి చదివినప్పుడు ఈ పాఠ్యరచయిత కూడా ఆ పేజీల కోసం గబగబా ముందుకు తిప్పిన మాట వాస్తవం. లియాంటియస్ పెనుగులాట పుస్తక నిర్మాణంలోనే ఇమిడి ఉంది.

తీరా ఆ రాత్రి వివరం వచ్చాక దొరికేది నెత్తుటి వర్ణన కాదు. పదివేల డాలర్లు ఉన్న ఇనుప్పెట్టె ఉందని జైల్లో తోటి ఖైదీ చెప్పిన మాట నమ్మి వచ్చారు. అటువంటి పెట్టె ఆ ఇంట్లో లేనే లేదు. చేతికి చిక్కింది సుమారు 40 డాలర్లు. నేల చల్లగా ఉందని క్లట్టర్ కింద పరుపు అట్టపెట్టెను పరిచిందీ, కెన్యన్ తల కింద దిండు పెట్టిందీ, వాళ్లను చంపిందీ ఒకే మనిషి. దిండు పెట్టిన చేయి ట్రిగ్గర్ ఎలా నొక్కింది? పుస్తకం దీనికి జవాబు ఇవ్వదు. పెర్రీ దిక్కులేని బాల్యాన్నీ, అనాథాశ్రమాల్లో తిన్న దెబ్బలనూ మన ముందు పెడుతుంది గాని, వాటిని కారణమని తేల్చి చెప్పదు. పుస్తకం మూసినా మనసులో తిరిగేది ఆ దిండే.

ఆత్మరక్షణ అన్న వాదం

2010లో అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక అధ్యయనం ప్రచురించారు. యథార్థ నేరగాథల పట్ల పురుషుల కంటే స్త్రీలే ఎక్కువ మొగ్గు చూపుతున్నారనీ, బాధితురాలు తప్పించుకున్న ఉపాయం ఉన్న పుస్తకాన్ని మరింతగా ఎంచుకుంటున్నారనీ వారు చూపారు. భయపడే అవసరం ఎక్కువగా ఉన్నవారు జాగ్రత్త నేర్చుకోవడానికి చదువుతారన్నమాట. రాత్రి ఒంటరిగా బస్సు దిగే ఆడపిల్లలు ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేరు. కాని 'ఇన్ కోల్డ్ బ్లడ్' నేర్పే జాగ్రత్త ఏది? తలుపుకు తాళం వేయకపోవడం ఆ ఊరి అలవాటు. ఆ కుటుంబం చేసిన పొరపాటంటూ ఏదీ లేదు. హత్యల తరువాత ఊరంతా తాళాలు వేసుకుంది, దీపాలు ఆర్పకుండా పడుకుంది, పొరుగువాణ్ణి అనుమానంగా చూసింది. హంతకులు మాత్రం ఆ ఊరివారే కారు.

రచయిత తీర్చని బాకీలు

ఈ గ్రంథం గొప్పదనడంలో సందేహం లేదు. అయితే విమర్శ అక్కడితో ఆగకూడదు. పుస్తకంలోని ప్రతి మాటా వాస్తవమేనని కపోటి గట్టిగా చెప్పుకున్నాడు. చివరి దృశ్యంలో పరిశోధనాధికారి ఆల్విన్ డ్యూయీ శ్మశానంలో నాన్సీ స్నేహితురాలిని కలుస్తాడు. ఎదిగిన ఆ అమ్మాయి వెళ్లిపోతుంటే గోధుమ చేలపై గాలి వీస్తుంది. ఆ సమావేశం జరగనే లేదు. అది కపోటి కల్పన. ఉరితీతతో పుస్తకం ముగిస్తే పాఠకుడికి ఊరట ఉండదని ఆయన భావించి ఉండాలి. నవలాకారుడిగా ఆయన లెక్క సరైనదే. కాని 'నిజం' అన్న మాట పూచీ మీద 300 పేజీలకు పైగా మనల్ని నడిపించిన రచయిత ఆ పూచీని చివరి పేజీలో వదిలేశాడు. ఇది చిన్న లోపమని కొందరంటారు. ఈ ప్రక్రియలో అది చిన్నది కాదు. పునాదికి సంబంధించినది.

రెండో బాకీ ఇంకా బరువైనది. పెర్రీ, హికాక్‌ల అప్పీళ్లు ఏళ్ల తరబడి సాగాయి. వారి శిక్ష అమలు కానిదే పుస్తకానికి ముగింపు లేదు. జైల్లో వారిని కలుస్తూ, వారికి ఉత్తరాలు రాస్తూ స్నేహం చేసిన కపోటి, ఈ ఆలస్యం మీద అసహనాన్ని ఇతర మిత్రులకు రాసిన ఉత్తరాల్లో వెళ్లగక్కాడు. 1965 ఏప్రిల్ 14న ఇద్దరినీ ఉరితీశారు. కపోటి అక్కడే ఉన్నాడు. వారిని కాపాడటానికి ఆయన చేయగలిగినదంతా చేయలేదని విమర్శకుడు కెన్నెత్ టైనన్ 1966లో ఆరోపించాడు. కపోటి తీవ్రంగా ఖండించాడు. ఆయన తలచుకుంటే ఉరి ఆగేదా అన్నది వేరే ప్రశ్న. ముగింపు కోసం ఒక ప్రాణం పోవాలని ఎదురుచూసింది రచయిత ఒక్కడేనా? మూడో భాగం కోసం పేజీలు తిప్పిన మనం ఏం చేశామో కూడా ఆలోచించాలి.

మరొకటి. పుస్తకం చదివినవారిని అడిగి చూడండి. పెర్రీ కుంటి కాళ్లు, గిటారు, నిధుల కలలు అందరికీ గుర్తుంటాయి. బానీ క్లట్టర్‌ను గురించి అడిగితే తడబడతారు. హంతకుడికి నిండు జీవితం దొరికింది, హతులకు ఒక్క రోజు దొరికింది. తెలుగు పల్లెల్లో దీనికి ఎదురు సంప్రదాయం ఒకటి ఉంది. సహగమనం చేసిన, అకాల మరణం పొందిన స్త్రీలను పేరంటాళ్లుగా నిలిపి, వారి కథలను పాటలుగా పాడుకున్నారు. పాట ఆమె పేరు మీదే నిలుస్తుంది, పండుగ ఆమె పేరు మీదే జరుగుతుంది. అందులోనూ చిక్కులున్నాయి. చావును పవిత్రం చేస్తే దానికి కారకులైనవారిని అడిగేవారు ఉండరు. హంతకుడి చుట్టూ తిరిగే కథ హతురాలిని మరచిపోతుంది, హతురాలిని దేవతను చేసే కథ హంతకుణ్ణి వదిలేస్తుంది. ఈ రెంటికీ మధ్య దారి పట్టిన రచన 'ఇన్ కోల్డ్ బ్లడ్' కాదని మాత్రం చెప్పవచ్చు.

అభ్యాసం

మీ జిల్లా పత్రికలో వచ్చిన ఒక నేర వార్తను వరుసగా వారం రోజులు అనుసరించండి. మొదటి రోజు ఎవరి పేరుతో వార్త మొదలైందో, ఏడో రోజు ఎవరి పేరు మిగిలిందో రాసుకోండి. ఏ వివరాన్ని మొదట దాచి తరువాత బయటపెట్టారో గుర్తించండి. ఏ రోజు తరువాయి కోసం మీరు ఎక్కువగా ఎదురుచూశారో నిజాయితీగా చెప్పి, మీ పరిశీలనను రెండు పుటలకు మించకుండా రాసి సంపర్క తరగతికి తీసుకురండి.