అదిగో, అక్కడే!

ఈ వారం ఫోన్ మీద ఒళ్లు మండింది. అమీర్‌పేట మెట్రో వంతెన కింద, చూపులేని మిత్రుడితో కలిసి ఓ ల్యాబ్ వెతుకుతున్నాం. ‘వాయవ్య దిశగా నడవండి’ అంది ఫోన్. చేతికర్రతో నిలబడ్డ మనిషికి వాయవ్యం ఎటో ఎవరు చెప్పాలి? కాసేపటికి ‘గమ్యం చేరుకున్నారు’ అంది. ల్యాబ్ రోడ్డుకి అవతల ఉంది.

ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్ దాదాపు 5 మీటర్లు అటూఇటూగానే చెబుతుంది. కారులో పోయేవాళ్లకి అదొక లెక్క కాదు. నడిచేవాళ్లకి ఫుట్‌పాత్, మురిక్కాలువ, బస్సులు పోయే రోడ్డు అన్నీ ఆ 5 మీటర్లలోనే ఉంటాయి. ఎత్తయిన గోడలకు తగిలి వచ్చే సిగ్నల్‌తో తేడా ఇంకా పెరుగుతుంది. కదలకుండా నిలబడితే ఫోన్ దిక్సూచిని నమ్ముకోవాలి, చుట్టూ ఇనుముంటే అదీ తప్పుతుంది. అందుకే మా మిత్రుడు ముందు కొంచెం నడిచి, దూరం తగ్గుతోందో పెరుగుతోందో విని, అప్పుడు ఎటో తేల్చుకుంటాడు. ఇయర్‌ఫోన్ ఒక చెవికే. రెండోది ట్రాఫిక్‌కి.

నాదో పాత పాట ఉంది: దారి మనిషినే అడగాలి, పాన్‌డబ్బా అతన్ని మించిన మ్యాప్ లేదు. మిత్రుడితోనూ అదే అన్నాను.

“అడిగితే ‘అదిగో, అక్కడే’ అంటారన్నా. వేలు చూపిస్తారు కాబోలు. ఇంకొకరు ‘ఎర్రబోర్డు పక్కన’ అంటారు. మరొకరు రెక్క పట్టుకుని రోడ్డు దాటించేస్తారు, నేను దాటాలో వద్దో అడగరు. ఫోన్ తప్పు చెప్పినా నా రెక్క పట్టుకోదు.”

మనిషిని అడగడం ఇష్టమై చెయ్యాలి, గతిలేక కాదు. కాబట్టి ఈసారి నా ఓటు ఫోన్‌కే, అది బాగుపడాలనే పట్టుదలతో. 2019 అక్టోబరులో గూగుల్ మ్యాప్స్ చూపులేనివాళ్ల నడక కోసం వివరమైన వాయిస్ గైడెన్స్ తెచ్చింది. సరైన దారిలో ఉన్నారా, తర్వాతి మలుపు ఎంత దూరం, పెద్ద కూడలి వస్తోందా అన్నీ చెబుతుంది. మొదట వచ్చింది అమెరికాలో ఇంగ్లిష్‌లో, జపాన్‌లో జపనీస్‌లో. తెలుగులో అది ‘మెట్రో పిల్లర్ దాటాక ఎడమకి రెండో గేటు’ అనాలి. మన ఊళ్లో అడ్రసు చెప్పుకునేది అలాగే.

దానికి సాఫ్ట్‌వేర్ ఒక్కటే చాలదు. మ్యాప్‌లో గుర్తు గుమ్మం దగ్గర ఉండాలి, చాలాచోట్ల భవనం నడిమధ్యలో ఉంటోంది. దుకాణాలు, క్లినిక్‌లు నడిపేవాళ్లు మీ గుర్తు ఎక్కడుందో ఈ వారం చూసుకోండి. వెనకవీధిలో ఉంటే ముందుకి జరపండి. మెట్లుంటే ఎన్నో రాయండి.