చెవికి అందే దుర్గి శిల్పం

భౌగోళిక గుర్తింపు పొందిన పల్నాటి దుర్గి శిలాశిల్పాన్ని వెబ్‌సైటులో అమ్మకానికి పెట్టినప్పుడు, ఫొటో వెనుక ఆల్ట్ టెక్స్ట్, అంటే కంటికి కనిపించని చిన్న వివరణ, లేకపోతే, తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడే అంధుడికి చాలాసార్లు ఫైలు పేరులోని అక్షరాలూ అంకెలే వినిపిస్తాయి. ఇటువంటి లోపాలు పట్టే పరీక్షకుడు మౌసు పక్కనపెట్టి, ట్యాబ్ మీటతో ఒక్కొక్క లింకూ దాటుతూ, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పలికేది చెవొగ్గి వింటాడు. ఆల్ట్ టెక్స్ట్ ఉందో లేదో యంత్రమూ చెబుతుంది గానీ, "చిత్రం" అని రాసి చేతులు దులుపుకున్నచోట దాన్ని కొట్టేసి "దుర్గి రాతిలో చెక్కిన నంది, మెడలో గంటల పట్టెడ" అని రాయడానికి మనిషే కావాలి. ఈ పనిలో అసలు నేర్పు అక్కడే ఉంది.

తెలుగు పేజీలకు మరో చిక్కు ఉంది: అన్ని యంత్రాలకూ ఉమ్మడి అక్షర సంకేతమైన యూనికోడ్‌లో కాక పాత ఫాంట్లలో కూర్చిన రాత కంటికి తెలుగుగానే కనిపించినా, స్క్రీన్ రీడర్ నోట అర్థంలేని ఆంగ్లాక్షరాలుగా వెలువడుతుంది కనుక, దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, పేజీ భాష తెలుగని కోడ్‌లో తెలపాలి. ఇదంతా దయ కాదు, హక్కు: వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది. శిల్పాల ఫొటోలు పెట్టే ప్రతివారూ ముందుగా ఫొటోలో ఏముందో చెప్పే ఆ ఒక్క వాక్యం రాయాలి.