నలుగురికి ఒకే కాగితం

లెక్కల పోటీకి ఆడపిల్లలు తక్కువగా వస్తే, వాళ్లకు లెక్కలంటే భయమని తేల్చేయడం మనకు అలవాటు. ఆ బెరుకు లెక్కను చూసా, పోటీని చూసా అని విడదీసి పరీక్షించినవాళ్లు నీడర్లె, వెస్టర్‌లుండ్ అనే ఆర్థికవేత్తలు. 2007లో వెలువడిన వాళ్ల ప్రయోగంలో పని చాలా చిన్నది: అయిదేసి రెండంకెల సంఖ్యలను కూడడం, అయిదు నిమిషాల్లో ఎన్ని అయితే అన్ని. ఆడా మగా దాదాపు సమానంగానే చేశారు. ఆ తర్వాత, చేసిన ప్రతి లెక్కకూ ఇంత అని పుచ్చుకుంటారా, నలుగురిలో ఫస్టు వచ్చినవారికే డబ్బిచ్చే పందెంలో దిగుతారా అని అడిగితే, మగవాళ్లలో 73 శాతం పందేనికి సై అన్నారు. ఆడవాళ్లలో 35 శాతమే. పుట్టుకతో వచ్చిన గుణం అనడానికీ వీల్లేదు. ఆస్తి ఆడపిల్లలకు దక్కే మేఘాలయ ఖాసీల మధ్య బకెట్లోకి బంతి విసిరే ఆట పెట్టి చూస్తే, పోటీని ఎంచుకున్నవాళ్లు ఆడవాళ్లలోనే ఎక్కువ. 2009లో అచ్చయిన అధ్యయనం ఇది.

నన్ను పట్టి ఆపింది మాత్రం హీలీ, పేట్ అనే పరిశోధకుల 2011 నాటి ప్రయోగం. ఒంటరిగా కాదు, ఇద్దరేసి జట్టుగా పోటీ పడండి అనేసరికి పోటీకి దిగడంలో ఆడా మగా తేడా మూడింట రెండు వంతులు తగ్గిపోయింది. బడుల్లో అమ్మాయిలకు జట్టు పోటీ పెట్టాలని నేననేది అందుకే. అమ్మాయిల జట్టు పోటీ అనగానే అందరూ ‘అమ్మాయిల’ దగ్గర ఆగి తగువులాడతారు గానీ, అందులో పనిచేసే మాట ‘జట్టు’. చైనాలో 2002లో మొదలైన బాలికల గణిత ఒలింపియాడ్‌ను చూసి 2012లో కేంబ్రిడ్జిలో యూరప్ బాలికల ఒలింపియాడ్ పుట్టింది. 2015 నుంచి మన దేశమూ వెళుతోంది. దేశానికి నలుగురు, కానీ హాల్లో రెండు రోజులూ నాలుగున్నర గంటల చొప్పున, మూడేసి లెక్కలతో ఎవరి కుస్తీ వాళ్లదే. గొప్ప పోటీయే, కాదనను. జట్టు మాత్రం మార్కుల పట్టికలోనే కనిపిస్తుంది. అమెరికాలో 6–8 తరగతుల పిల్లల మ్యాథ్‌కౌంట్స్ జట్టు రౌండ్ వేరు: నలుగురు, పది లెక్కలు, ఇరవై నిమిషాలు. జవాబు తెలిసీ గొంతు పెగలని పిల్ల అక్కడ పక్కవాళ్లను ఒప్పించక తప్పదు. అది అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడేది. ఆ బల్ల చుట్టూ నలుగురూ అమ్మాయిలే అయితే, కలం అబ్బాయి చేతికే పోతుందా అన్న ప్రశ్నే ఉండదు.

ఒకరు చేస్తే ముగ్గురు చూస్తారు కదా అంటారు. అది పోటీ అల్లికను బట్టి ఉంటుంది. అమెరికా ప్రాంతీయ జట్ల పోటీ ఏఆర్‌ఎంఎల్ రిలేలో మొదటివారి జవాబు అందితే గాని రెండోవారి లెక్క తెగదు. చాటున కూర్చోవడానికి చోటే లేదు. ఇంకాస్త బరువైన అభ్యంతరం గణితవేత్త మిర్జాఖానీ పేరుతో వస్తుంది. 1995లో టొరంటోలో జరిగిన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో 42కి 42, తర్వాత 2014లో ఫీల్డ్స్ పతకం. ఆమెకు వేరే పోటీ అక్కర్లేకపోయింది కదా అని. నిజమే. కానీ అమెరికా గణిత పోటీల ఫలితాలను తిరగేసిన ఎలిసన్, స్వాన్సన్ 2010లో చూపించిందేమిటంటే, పై మార్కుల అబ్బాయిలు రకరకాల బడుల నుంచి వస్తుంటే, అమ్మాయిలు దాదాపుగా వేళ్లమీద లెక్కించదగ్గ మేటి బడుల నుంచే వస్తున్నారు. తక్కిన బడుల్లో ఆ సత్తా ఉన్న పిల్లలు పుట్టలేదని ఎవరనగలరు?

డిసెంబరు 22న రామానుజన్ పుట్టినరోజని మన బడుల్లో ఉపన్యాసాలు పెట్టిస్తాం. ఈసారి వాటిలో ఒకటి తగ్గించి, నలుగురు అమ్మాయిలకు ఒక బల్ల, పది లెక్కలు, ఒకే జవాబు కాగితం ఇచ్చి చూడండి, మాస్టారూ.