మన గుడి పేరు ఫోనుకు ఎవరు చెప్పాలి?

భూపాలపల్లి జిల్లా ఘనపురంలో కోటగుళ్ల ముందు నిలబడి ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. కెమెరా చూసిన కట్టడం ఏమిటో చెప్పే యాప్ అది. క్షణంలో 'రామప్ప దేవాలయం' అని చూపించింది. పక్కన మేకలు మేపుకుంటున్న పెద్దాయన తెర మీదికి తొంగిచూసి, "రామప్ప ఆడ పాలంపేటల ఉన్నది బిడ్డా. ఇది గణపేశ్వరుని గుడి" అన్నాడు.

యాప్ అలా పొరబడడానికి కారణం ఉంది. రెండూ కాకతీయ గణపతిదేవుని కాలం నాటివే. రామప్పను 1213లో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. అదే తీరు స్తంభాలు, చూరు కింద అవే ఏటవాలు శిల్పాలు. ఊళ్లో పెద్దవాళ్లు మన ముఖం చూసి "నువ్వు ఫలానా వాళ్ల బిడ్డవు గదా" అన్నట్టు, యాప్ కూడా వంశం పోలిక పట్టుకుంది. కానీ వంశం తెలిస్తే సరిపోదు, మనిషి తెలియాలి.

ఈ యాప్‌లు పనిచేసే తీరు స్థూలంగా ఇది. మనం తీసిన బొమ్మను యంత్రం ఒక అంకెల వరుసగా మారుస్తుంది. తన దగ్గర ముందే పేరు పెట్టి దాచుకున్న లక్షల బొమ్మల అంకెలతో పోల్చి, అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాన్ని బయటికి తీస్తుంది. ఆ తర్వాత ఈ స్తంభం అంచు ఆ స్తంభం అంచుతో, ఈ చెక్కడం ఆ చెక్కడంతో కలుస్తుందా అని సరిచూస్తుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే, నిలబడిన చోటును కూడా కొన్ని యాప్‌లు లెక్కలోకి తీసుకుంటాయి. దగ్గరి పోలిక దొరకనప్పుడు 'తెలియదు' అనడం మంచి యాప్ లక్షణం. చాలావాటికి ఆ అలవాటు లేదు. ఉన్నవాటిలో దగ్గరిదేదో దాని పేరే చెప్పేస్తాయి.

కాబట్టి అసలు ప్రశ్న బొమ్మల గురించి. రామప్ప బొమ్మలకు కొదవ లేదు. నిజాం రాజ్య పురావస్తు శాఖను నడిపిన గులాం యాజ్దానీ 1922లోనే పాలంపేట ఆలయాల మీద ప్రత్యేక గ్రంథం వెలువరించారు. 2021 జూలైలో యునెస్కో గుర్తింపు వచ్చాక వచ్చేపోయే ప్రతి చేతిలోనూ కెమెరానే. కోటగుళ్లకు ఆ భాగ్యం లేదు. చిట్యాల మండలం నైనపాక గుడికి అంతకంటే లేదు.

ఇది మన ఒక్క ప్రాంతం గోడు కాదు. ఇలాంటి యంత్రాలకు తర్ఫీదు ఇవ్వడానికి గూగుల్ పరిశోధకులు ఒక పెద్ద బొమ్మల భాండాగారం తయారుచేసి 2020లో పరిశోధన పత్రం వెలువరించారు. 2 లక్షల ప్రదేశాలు, సుమారు 50 లక్షల ఫొటోలు. అందులో 57 శాతం ప్రదేశాలకు పదికి మించి ఫొటోలు లేవు. ప్రపంచంలో ఎక్కడైనా పేరున్న చోటుకే బొమ్మలు, బొమ్మలున్న చోటుకే పేరు. అయితే ఆ ఫొటోలు వచ్చింది వికీమీడియా కామన్స్ నుంచి. అంటే మీలాంటివాళ్లూ నాలాంటివాళ్లూ ఉచితంగా పెట్టిన ఫొటోల నుంచి. నాకు ఆశ పుట్టించింది ఈ ఒక్క సంగతే. యంత్రానికి ఊరి గుడిని పరిచయం చేసే అధికారం ఊరివాళ్ల చేతుల్లోనే ఉంది.

అప్పటి నుంచి నేను ఫొటో తీసే పద్ధతే మారింది. ముందు దూరం నుంచి చుట్టుపక్కల చెట్టూ చేమాతో సహా ఒకటి. తర్వాత నాలుగు వైపుల నుంచీ. వెనక వైపు ఎవరూ తీయరు, అందుకే అది తప్పకుండా తీస్తాను. ద్వారబంధం, స్తంభాలు, చూరు విడివిడిగా. మనుషులు అడ్డం లేకుండా, ఉదయం ఎండలో కొన్ని, సాయంత్రం ఎండలో కొన్ని. కోటగుళ్ల గుర్తింపంతా ప్రధానాలయం చుట్టూ చేరిన చిన్నచిన్న గుళ్లలో ఉంది, మొత్తం 22. ఒక్క మండపాన్ని దగ్గరగా తీస్తే అది రామప్ప లాగే కనిపిస్తుంది. పూజలు జరిగే గుళ్లతో ఇంకో చిక్కు. కొత్త రంగులు పడతాయి, కొత్త గోపురం లేస్తుంది, పాత ఫొటోతో పోలిక కుదరదు. కాళేశ్వరం ప్రత్యేకత ఒకే పానవట్టం మీద ఉన్న రెండు లింగాలు. గోపురాన్ని మాత్రమే చూసే కెమెరాకు అది అందదు, మాటల్లో రాసిపెట్టాల్సిందే.

రాసే దగ్గర ఇంకా శ్రద్ధ కావాలి. భూపాలపల్లి జిల్లాలో ఘనపురం ఉంది. జనగామ జిల్లాలో స్టేషన్ ఘన్‌పూర్ ఉంది, లింగాల ఘనపురం ఉంది. ఫొటో కింద ఉత్త 'ఘన్‌పూర్' అని రాస్తే యంత్రం ఏ ఊరనుకోవాలి? రామప్ప 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలో, ఆ తర్వాత భూపాలపల్లిలో, 2019 ఫిబ్రవరి నుంచి ములుగులో ఉంది. జిల్లా గీతలు మారినా ఊరు కదలదు. అందుకే ఊరు, మండలం, అక్షాంశ రేఖాంశాలు, తేదీ రాయందే ఏ ఫొటోనూ పైకి పంపను. స్థానికులు పిలిచే పేరు తెలుగులో ముందు రాసి, ఇంగ్లీషు స్పెల్లింగులు ఎన్ని వాడుకలో ఉంటే అన్నీ కింద ఇస్తాను.

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్ చూస్తే ఈ శ్రమ ఎందుకో అర్థమవుతుంది. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య పట్టుబట్టి మన కట్టుబడి తీరులో కట్టించిన చర్చి అది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడి మండపాన్ని గుర్తుకు తెస్తాయి. పోలికను బట్టి ఇది ఏ జాతి కట్టడమో చెప్పబోతే ఏ యంత్రమైనా తడబడుతుంది. కానీ ఇదే కట్టడం ఫొటోలు పేరుతో సహా తగినన్ని ఉంటే తడబడాల్సిన పని లేదు. ఇంకెక్కడా లేని రూపం కాబట్టి ఇట్టే పట్టేస్తుంది. విలక్షణమైనదాన్ని గుర్తించడం యంత్రానికి తేలిక, ముందు ఒకరు పరిచయం చేస్తే చాలు.

ఆలస్యం చేసే వీలు కూడా లేదు. జనగామ జిల్లా ఖిలాషాపురంలో సర్వాయి పాపన్న కోట గోడ కొంత భాగం 2022 వానలకు కూలిపోయింది. కూలకముందు అన్ని వైపుల నుంచీ తీసిన ఫొటోలు ఉంటే బాగుచేసేవాళ్లకు అవే ఆధారం. యాప్ కోసం తీసిన బొమ్మ రేపు మేస్త్రీకీ పనికొస్తుంది.

పాలకుర్తి, కురవి, బయ్యారం, రేగొండ వైపు ఊళ్లలో ఉన్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే. చారిత్రక కట్టడాల ఫొటోల కోసం వికీ లవ్స్ మాన్యుమెంట్స్ అనే పోటీ ఏటా సెప్టెంబరులో ప్రపంచమంతటా జరుగుతుంది. దాని కోసం ఆగనక్కర లేదు, కామన్స్ తలుపులు ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి. ఈ ఆదివారం మీ ఊరి పాత గుడికో, గడీకో, చెరువు కట్ట మీది శాసనం దగ్గరికో పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. మీరు పిలిచే పేరు పెద్దల్ని అడిగి సరిచూసుకుని, ఊరూ మండలమూ జోడించి కామన్స్‌లో పెట్టండి.