వ్రేలెత్తక గీసిన పాఠము

ఈశాన్య అంగోలాలో లూండా యని పిలువబడు సీమయందు నివసించు చోక్వే జాతివారిలో, సోనాలనబడు ఇసుకచిత్రములను గీయ నేర్చిన పెద్దవాడు ఊరినడుమ చెట్టునీడనో, వేటవిడిదిలో నెగడుచెంతనో కూర్చుండి, ముందున్న నేలను అరచేతితో చదునుచేసి, వ్రేళ్లకొనలతో సమానదూరములందు చుక్కల నొత్తి, వాని నడుమ ఒక్కమారు వ్రేలుంచెనా, ఆ గీత బయలుదేరిన చోటికే తిరిగి వచ్చి చేరువరకు దాని నెత్తడు, ఆగడు, తడుముకొనడు. నోటితో కథ చెప్పుచునే యుండును. కథయు గీతయు ఒక్కటిగా ముగియును. చుట్టుచేరినవారు ఊరక వినువారు కారు. వారి కన్నులు వ్రేలివెంటనే పోవుచుండును. ఎక్కడనైన ఆ చేయి సంశయించి నిలిచినచో, ఎవ్వరును పల్లెత్తుమాట యనరు గాని, పెదవులపై తొంగిచూచు ఆ చిన్ననవ్వునకు మించిన శిక్ష ఆ విద్యలో లేదు. ఆఫ్రికా తత్త్వమును బడిపిల్లలకు అందింపదలచిన వారెవ్వరైనను ఇక్కడనుండియే మొదలుపెట్టవలయునని నా దృఢవిశ్వాసము. ఈ విషయమున నేను పక్షపాతినని ఎవరైన అన్నచో కాదనను.

ఈ విద్యలో ఆరితేరిన వారిని చోక్వేలు 'అక్వా కూతా సోనా' అందురు. ముకండా యను దీక్షాకాలమున ఊరికి దూరముగ నుంచబడిన బాలురందరును తేలికయైన సోనాలను నేర్చుకొనెడివారు; గహనమైనవి మాత్రము నిపుణులనుండి వారి వంశమువారికి సంక్రమించెడివి. చిత్రకారుడే కథకుడు, కథకుడే గురువు. చిత్రమునందు కనుపించునది తరుమబడిన అడవికోడి పరుగు కావచ్చును, సింహపుకడుపు కావచ్చును, సామెత కావచ్చును, పొడుపుకథ కావచ్చును. అడవికోడి చిత్రమున చుక్కలు అయిదువరుసలు, వరుసకు ఆరు. ప్రాణభయముతో పరుగెత్తు పక్షి ఎట్లు మలుగునో, ఎట్లు హఠాత్తుగ వెనుదిరుగునో, గీతయు అట్లే మలుగును, వెనుదిరుగును. ఐనను ముప్పది చుక్కలలో దేనిని విడువక, దేనిని తొక్కక, చివరకు మొదటిచోటనే వచ్చి కూడును. దానిని చూచి దిగ్భ్రమ చెందనివానికి గణితమును గూర్చి గాని, కోడిని గూర్చి గాని ఏమియు తెలియదని నా అభిప్రాయము.

ఇంతకంటె గంభీరమైన చిత్రమొకటి కలదు. పైన దైవము, ఎడమ సూర్యుడు, కుడి చంద్రుడు, క్రింద మానవుడు. సూర్యుడు దైవమును చూడబోగా ఒక పుంజు లభించినది. సూర్యుడు దానిని చంపలేదు. తెల్లవారి అది కూసినది. అందుచేత ప్రతి ప్రభాతమున తిరిగివచ్చు వరము కలిగినది. చంద్రునికిని అట్లే జరిగినది. అతడు నెలకొకమారు వచ్చును. మానవుడు మాత్రము దారి నడచిన ఆకలితో పుంజును కోసి తినెను, ప్రొద్దెక్కువరకు నిద్రించెను, దైవము అడుగగా నిజమే చెప్పెను. దైవము కోపింపలేదు, కాని పుంజువలెనే నీవును చావవలయును, చచ్చినపిమ్మట నాయొద్దకే రావలయును అని శాసించెను. పిల్లలయెదుట ఈ కథను చెప్పుచు ఈ చిత్రమును గీసిన ఉపాధ్యాయుడు ఆకలిగొన్నవాని తప్పెంత, అబద్ధమాడనందుకు వానికి దక్కినదేమి, అప్పగింపబడిన ప్రాణిపట్ల బాధ్యత యెట్టిది అను ప్రశ్నలను తాను వేయనక్కరలేదు. అవి పిల్లలనోటనే పుట్టును. నీతిపాఠమని శీర్షిక పెట్టి, క్రింద నాలుగువాక్యములలో నీతిని ముద్రించు పుస్తకములయెదుట ఈ చిత్రము నెట్లు నిలుపవలయునో నాకు తోచదు.

చరిత్రవిషయమున చెప్పదగినది స్వల్పము. ఈ విద్య యెంత ప్రాచీనమో నిర్ణయించుటకు ఇసుక సాక్ష్యమియ్యదు. జర్మనుపండితుడు బౌమన్ 1935 లో లూండాను గూర్చిన గ్రంథమున దీనిని పేర్కొనెను. మారియో ఫొంటిన్యా సేకరించిన చిత్రములు 1983 లో లిస్బనునగరమున అచ్చయినవి. బానిసవ్యాపారము, పోర్చుగీసుల పాలన, 1975 మొదలు 2002 వరకు సాగిన అంతర్యుద్ధము ఈ సీమను ఛిన్నాభిన్నము చేసినవి. 2023 లో యునెస్కో తన మానవజాతి అమూర్త వారసత్వపు పట్టికలో సోనాలను చేర్చెను. పట్టికలో చేరుట గొప్పయే. కాని పట్టిక ఎవ్వరికిని గీయ నేర్పదు.

నేర్పుటకు పూనుకొనినవాడు పౌలుస్ గెర్డెస్. ఆయన 1952 లో నెదర్లాండ్సున జన్మించి, 1975 లో స్వాతంత్ర్యము పొందిన మొజాంబిక్‌నకు కొలదికాలమునకే వచ్చి, ఆ దేశమునే తనదిగ చేసికొని, 2014 లో మరణించువరకు ఉపాధ్యాయశిక్షణకు అంకితమైన మహనీయుడు. అచ్చటి పెడగాజికల్ విశ్వవిద్యాలయమునకు అధిపతిగను పనిచేసెను. గణితము యూరోపునుండి ఓడలలో దిగిన సరకనియు, తమ తాతలకు దానితో సంబంధము లేదనియు నమ్మిన యువకులకు ఆయన చేసిన చికిత్స యేమనగా, మన రైతులు దీర్ఘచతురస్రమును గూర్చి యే సూత్రమును వాడుచున్నారని తరగతిలో అడుగుట. పల్లెటూరివారికి జ్యామితి యేమి తెలియునని మొదట పెదవివిరుపే వినవచ్చెడిది. అప్పుడాయన, మీ తండ్రులు ఇంటికి పునాది యెట్లు వేయుదురో చెప్పుడని అడిగెడివాడు.

చెప్పినకొలది వారికే ఆశ్చర్యము కలిగినది. ఒకప్రాంతమువారు సమానమైన రెండు పొడవు వెదుళ్లను, సమానమైన రెండు పొట్టి వెదుళ్లను నేలపై చతుర్భుజముగ కూర్చి, ఎదురెదురు మూలలనడుమ త్రాడుతో కొలిచి, ఆ రెండుకొలతలును ఒక్కటియగువరకు చట్రమును అటునిటు జరిపి, పిమ్మట మూలలందు గుంజలు పాతుదురు. మరియొక ప్రాంతమువారు సమానమైన రెండుత్రాళ్లను సరిగా నడిమికి ముడివైచి, ఇంటివెడల్పునకు తగిన వెదురును నేలనుంచి, దాని రెండుకొనలయందు గుంజలుపాతి, ఒక్కొక్క గుంజకు ఒక్కొక్క త్రాటికొనను కట్టి, త్రాళ్లను బిగలాగి, మిగిలిన కొనలు పడినచోట మరి రెండుగుంజలు పాతుదురు; నాలుగుమూలలును తప్పక లంబముగ వచ్చును. మూలమట్టము లేదు, కోణమానిని లేదు. కర్ణములు సమానమైన సమాంతర చతుర్భుజము దీర్ఘచతురస్రమగునను సిద్ధాంతము ఆ త్రాళ్లలోనే యున్నది. ఇట్లు వస్తువులందును పనులందును గడ్డకట్టి దాగియున్న గణితమును కరిగించి బయటికి తీయుట గెర్డెస్ జీవితవ్రతము. అల్లినవానిని అనుకరించువాడు గణితము చేయుటలేదేమో గాని, ఆ అల్లికను మొదట కనుగొన్నవాడు మాత్రము నిశ్చయముగ గణితమే చేసెనని ఆయన వాదము. ఈ వాదమునకు ఎదురుచెప్పగలవారు నాకింతవరకు తారసపడలేదు.

సోనాలచెంతకు వచ్చినప్పుడు ఆయన ప్రతిభ మరింత వెలిగినది. సేకర్తలు పొరబాటుగ వ్రాసికొనిన చిత్రములను సౌష్ఠవమునుబట్టి సరిదిద్ది మొదటిరూపమునకు తెచ్చెను. అడవికోడి గీత పోవు దారివెంబడి చిన్నగడులను ఒకటివిడిచి యొకటి నల్లబరచుకొనుచు పోగా, ప్రతి అడ్డువరుసలోను నిలువువరుసలోను నలుపుతెలుపులు సరిసమానముగ వచ్చు నూతనచిత్రజాతి యొకటి బయటపడినది. దానికి ఆ సీమపేరిట లూండాచిత్రములని నామకరణము చేసెను. చోక్వే వృద్ధుని వ్రేలు చూపిన త్రోవ ఇరువదవశతాబ్దపు గణితమున క్రొత్తప్రకరణమైనది. ఆఫ్రికాసంప్రదాయము పాఠశాలకు అలంకారముగ మాత్రమే పనికివచ్చునని తలచువారు ఈ యొక్కవిషయమును మననము చేసికొనిన చాలును.

ఇక తరగతిలో సోనాల వినియోగము. పిల్లలను ఆరుబయట ఇసుకలో కూర్చుండబెట్టుడు. చాపయల్లికవంటి సోనాను, అనగా గీత ఏటవాలుగ చుక్కలసందులగుండ సాగి, అంచుతగిలినచోట మలుపుతిరిగి, ప్రతిచుక్కను ఒక్కొక్క గదిలో బంధించుచు పోవుదానిని నేర్పుడు. రెండువరుసలు, వరుసకు మూడుచుక్కలు: ఒక్కగీతతో ముగియును. రెండువరుసలు, వరుసకు నాలుగు: గీత సగముచుక్కలను విడిచి ముందుగనే మూతపడును, రెండవగీత కావలయును. మూడింటికి మూడు: మూడుగీతలు. నాలుగింటికి ఆరు: రెండు. అయిదింటికి ఆరు: మరల ఒక్కటే. ఎందుచేతనని అడిగి ఉపాధ్యాయుడు ఊరకుండవలయును. ఒకతె పట్టిక వ్రాయును, ఒకడు తప్పుగీసి చెరపును, మరియొకడు వాదించును. చివరకు వరుసలసంఖ్యకును చుక్కలసంఖ్యకును గల గరిష్ఠ సామాన్య భాజకమే గీతలసంఖ్యయని అందరికంఠమును ఒక్కమారు పలుకును. ఆ భాజకమును నల్లబల్లపై భాగహారపు మెట్లుగ నేర్చుకొని మరునాడే మరచినవారము మనమందరమును!

ఆఫ్రికాతత్త్వమును బడికి తెచ్చు మరియొక త్రోవను చూడుడు. దక్షిణాఫ్రికా ప్రభుత్వము 2001 లో విద్యావిలువలను గూర్చి ప్రకటించిన పత్రమున, నీవున్నందుననే నేనున్నానను భావముగల ఉబుంటును పది మూలవిలువలలో నొకటిగ చేర్చెను. ఉద్దేశము ఉదాత్తము, 1953 నాటి బంటూవిద్యాచట్టము నల్లపిల్లలను కూలిపనికి మాత్రమే సిద్ధపరుపదలచిన దేశమున అట్టిమాట పలుకుటయే ధైర్యము. కాని అటుపిమ్మట ఆ మాటకు పట్టిన దుర్గతిని తలచినచో నా రక్తముడుకును. అది గోడపటమైనది, ఉపాధ్యాయుల సదస్సున తెరపై మెరయు నినాదమైనది, వ్యాపారసంస్థల శిక్షణశిబిరములందు అమ్ముడుపోవు సరకైనది, కంప్యూటరు వ్యవస్థకు సైతము పేరైనది. నీవున్నందుననే నేనున్నానని వ్రాసిన పటముక్రిందనే పిల్లలను మార్కులవరుసలో నిలబెట్టి, ప్రక్కవానికి సాయము చేసినవానిని దొంగవలె చూచు బడిలో, ఆ పటము చేయుపని యేమి? సంవత్సరమున కొకదినము పూసలదండలు వైచికొని నాట్యమాడించి, మిగిలినదినములందు అంతయు యథాపూర్వముగ నడిపించు సంస్కృతిదినోత్సవములును ఈ జాతివే. కెన్యా రచయిత గూగీ వా థియాంగో 1986 నాటి తన గ్రంథమున, బడిలో గికూయుభాష మాటాడిన బాలునికి దెబ్బలును మెడలో పలకయు ఎట్లు తప్పెడివికావో వ్రాసెను. ఆ పలకను తీసివేసి, గోడకు నినాదపుపటము తగిలించినంతమాత్రమున విముక్తి కలుగదు.

ఆఫ్రికాతత్త్వమనగా అందరును కూడి యుండుటయనియు, అందుచేత మెత్తదనమనియు భ్రమపడువారు సోనా గీయుచోట నొకమారు నిలిచి చూడవలయును. అచ్చటి కూడిక కఠినమైనది. గీయువానికి తోడుగనున్న ఆ గుంపే వాని పరీక్షాధికారి. తప్పును దాచదు, పొగడ్తను అప్పియ్యదు. ఐనను తప్పిన గీత అరచేతితో తుడిచినంత తుడిచిపోవును, ఎర్రసిరాతో పుస్తకమున నిలిచిపోదు. ఈ కాఠిన్యమును ఈ ఔదార్యమును జంటగ నిచ్చు బోధనాపద్ధతి నాకు మరియొకటి తెలియదు. ఒక్క లోపమున్నది, దానిని దాచుట సోనాకు ద్రోహము: ఈ విద్య పురుషులసొత్తుగ నుండినది. తరగతిగది ఆ కంచెను తీసివేయక తప్పదు. మనదేశమున చుక్కలముగ్గు స్త్రీలచేతిలో పెరిగినది. గెర్డెస్ తమిళుల కోలములను సోనాలసరసన నుంచి, చెదరిన సౌష్ఠవములను పునరుద్ధరించుచు 1989 లో వ్యాసము వ్రాసెను. మెలికలముగ్గు వేయునప్పుడు చుక్కవిడువక గీత కలిపిన మన అవ్వలను ఏ గణితోపాధ్యాయుడును తరగతికి పిలువలేదు. ఈ నేరమున మనమును అంగోలాను ఆక్షేపించు స్థితిలో లేము.

ఇప్పుడు క్రొత్తయాపద యొకటి వచ్చినది. చుక్కలకు ముందే అంకెలు వైచి, ఒకటినుండి రెండు, రెండునుండి మూడు కలుపుమని ఆజ్ఞాపించు కాగితములను చేసి వానికి సోనాయని పేరు పెట్టుట! కథలేదు, ఇసుకలేదు, చూచువారు లేరు, ఎచ్చట మలుగవలయునో తలచుకొనవలసిన అవసరమే లేదు. అంకెలవెంట పెన్సిలు నడపిన బాలునికి గీతలసంఖ్య యేల మారునను సందేహమే కలుగదు. సందేహము కలుగనిచోట చదువు లేదు. ఇంతకంటె ఆ విషయమునే మానివేయుట మేలు.

కావున ఉపాధ్యాయశిక్షణ కళాశాలల నడుపువారికి నా విన్నపము. సోనాలు గీయు వృద్ధులు ఇంకను కొందరున్నారు. వారిని ఉత్సవమునకు పిలిచి శాలువకప్పి పంపక, వేతనమిచ్చి ఆచార్యులుగ నియమింపుడు. వారియెదుట కాబోవు ఉపాధ్యాయులను, స్త్రీపురుషభేదము లేక, ఇసుకలో కూర్చుండబెట్టుడు. అయిదువరుసల ఆరుచుక్కల అడవికోడిని కథచెప్పుచు వ్రేలెత్తక గీయలేనివానికి ఆఫ్రికావిలువలను బోధించు అర్హతాపత్రము చేతికియ్యకుడు. వ్రాతపరీక్షలో ఉబుంటును గూర్చి పదిమార్కుల ప్రశ్న పెట్టుట మానుడు.